చిట్టా లేని ఆవర్జా

మా నాన్న ఆదోనిలో ఒక పత్తి మిల్లులో ముప్పయ్యేళ్ళకు పైగా గుమస్తాగా చేశాడు. ఆయన దగ్గర ఎప్పుడూ రెండు పుస్తకాలుండేవి, ఒకటి చిట్టా, ఇంకోటి ఆవర్జా. ఇప్పటి పిల్లలకు ఈ మాటలు తెలియకపోవచ్చు కాబట్టి కాస్త చెప్తాను. ఆ రోజు జరిగింది జరిగిన వరసలో రాసేది చిట్టా: ఎవరి బండి వచ్చింది, ఎంత తూగింది, ఎవరికి ఎంత ఇచ్చారు, హమాలీలకు ఎంత, టీలకు ఎంత, అన్నీ. రాత్రికి దాంట్లోంచి తీసి ఎవరి పద్దు వాళ్ళ పేరు మీద ఎక్కించేది ఆవర్జా. షావుకారు చూసేది ఆవర్జానే, అది శుభ్రంగా ఉంటుంది, చదవడానికి సులువు. కానీ ఎవరైనా రైతు వచ్చి "అయ్యా, నాకింకా ఎనిమిది వందలు రావాల" అన్నాడంటే అప్పుడు బయటికి వచ్చేది చిట్టా. అందుకే చిట్టాలో తప్పు పడితే చెరపకూడదు, ఒక్క గీత అడ్డంగా కొట్టి పక్కన సరైన అంకె రాయాలి, కొట్టేసిన అంకె కూడా కనబడుతుండాలి. నేను ఏడో తరగతిలో ఉండగా సాయం చేద్దామని ఒక అంకెను బ్లేడుతో గీకి దిద్దాను. నాన్న కొట్టలేదు, అరవలేదు. ఆ పేజీ మొత్తానికి అడ్డంగా గీత కొట్టి, పక్క పేజీలో మొదటి పద్దు నుంచి అంతా మళ్ళీ రాసి, ఎందుకు మళ్ళీ రాయాల్సి వచ్చిందో కింద ఒక వాక్యం పెట్టి తారీఖు వేశాడు. అప్పటికి రాత్రి పదకొండయింది.

తర్వాత నేను బెంగళూరు వచ్చి, మత్తికెరెలో ఒక హాస్టల్లో ఉంటూ బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను. ఆ ఆరేళ్ళలో నాన్న ఆ రాత్రి చూపించిన సంగతి నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. జెల్ ఎలా వేయాలో చెప్పారు, గ్రాఫ్ ఎలా గీయాలో చెప్పారు, పేపర్ ఏ జర్నల్‌కి పంపితే మంచిదో చాలాసార్లు చెప్పారు. చేసిన పనిని ఇంకొకరు మళ్ళీ చేయగలిగేలా ఎలా రాసిపెట్టాలో మాత్రం అందరికీ పుట్టుకతో వచ్చేసినట్టు వదిలేశారు. ఇప్పుడు నేను ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పీహెచ్‌డీ పిల్లలకు రీసెర్చ్ మెథడ్స్ చెప్తున్నాను. అదే నిర్లక్ష్యం ఒక తరం తర్వాత కూడా అలాగే నడుస్తోందని రోజూ చూస్తున్నాను కాబట్టి ఈ పోస్టు రాస్తున్నాను, కాస్త పొడవుంటుంది.

ముందు నా సంగతి. రెండో ఏడాది మా గైడ్ ఒక ఎంజైమ్ పని అప్పజెప్పారు. మా ల్యాబ్‌లోనే నాకు ముందు చదివిన సీనియర్ దాని మీద పేపర్ వేశాడు, ఆయన ఆపిన చోట నేను మొదలుపెట్టాలి. మొదలుపెట్టాలంటే ముందు ఆయనకు వచ్చిన అంకె నాకూ రావాలి కదా. రాలేదు. నా ఎంజైమ్ వేగం ఆయన పేపర్లో ఉన్నదానికి రెట్టింపు దాకా చూపిస్తోంది, అదైనా నిలకడగా లేదు, పొద్దున చేస్తే ఒకలా, మధ్యాహ్నం చేస్తే ఇంకోలా. బఫర్లు మళ్ళీ కలిపాను, కెమికల్స్ కొత్తవి తెప్పించాను, పిపెట్లు క్యాలిబ్రేట్ చేయించాను, ప్రొటీన్ మొదట్నుంచి మళ్ళీ తయారుచేశాను. ఎనిమిది నెలలు పట్టింది. ప్రతి సోమవారం ల్యాబ్ మీటింగ్‌లో నిలబడి "ఇంకా రాలేదు సార్" అని చెప్పడం, నా చేతిలోనే ఏదో లోపం ఉందని రాత్రుళ్ళు నిద్రపట్టకపోవడం, ఒక దశలో పీహెచ్‌డీ మానేసి ఇంటికి వెళ్ళిపోదామని ఆదోనికి టికెట్ కూడా తీసుకున్నాను.

సీనియర్ నోట్‌బుక్ అల్మారాలోనే ఉంది. తిప్పితే పేజీ తర్వాత పేజీలో "సేమ్ యాజ్ బిఫోర్" అని ఉంది. ఆ బిఫోర్ ఎక్కడుందో వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ఒక చోట "రూమ్ టెంపరేచర్, 10 నిమిషాలు" అని దొరికింది. పేపర్లోనూ అదే మాట. చివరికి మొహమాటం వదిలేసి ఆయనకు ఫోన్ చేశాను.

"అన్నా, రూమ్ టెంపరేచర్ అని రాశారు కదా, ఏ రూమ్‌లో చేసేవారు?"

"అదేనమ్మా, స్పెక్ట్రో పెట్టిన మూలగదిలో. అప్పట్లో మనకు బెంచీ మీద జాగా ఎక్కడుండేది?"

స్పెక్ట్రో అంటే ద్రావణంలోంచి వెలుగు ఎంత దాటుతుందో కొలిచే మెషీన్. ఆ మూలగదిలో దాని కోసం ఏసీ రాత్రింబవళ్ళు 18లో ఉంటుంది. నా బెంచీ కిటికీ పక్కన, ఏసీ లేదు, ఏప్రిల్ నెల. థర్మామీటర్ పెట్టి చూస్తే మధ్యాహ్నం మూడింటికి 31. పది డిగ్రీలు పెరిగితే ఎంజైమ్ వేగం సుమారు రెట్టింపవుతుందని ఎమ్మెస్సీలో చదువుకున్నాం, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. ట్యూబులు మూలగదికి మోసుకెళ్ళాను, రెండు రోజుల్లో ఆయన అంకె నాకు వచ్చింది.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. అసలు నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. ఆ అన్న మంచి మనిషి, కష్టజీవి, ఆయన ఫలితం నిజమైన ఫలితమే. ఆయనకు తెలియనిదల్లా ఏది రాయాలి అన్నది. రోజూ కూర్చునే గది ఎవరికైనా కనిపించడం మానేస్తుంది. అది కనబడేలా చేయడం నేర్పితే వచ్చే పని, నేర్పకపోతే రాని పని, అంతే. మనం మాత్రం ఈ విషయాన్ని నీతి పాఠంగా మార్చి, తప్పుచేసేవాళ్ళను పట్టుకోవడం గురించే మాట్లాడుతున్నాం. తప్పు చేయాలనుకోని తొంభైతొమ్మిది మందికి ఆ పాఠం వల్ల ఒరిగేదేమీ లేదు.

యూజీసీ 2019లో పీహెచ్‌డీ కోర్సువర్క్‌లో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అని రెండు క్రెడిట్ల కోర్సు ఆమోదించి, తప్పనిసరి చేసింది. మొత్తం 30 గంటలు. అది మంచి పనే, నేనూ చెప్తాను ఆ కోర్సు. అందులో తత్త్వం ఉంది, దొంగ జర్నళ్ళను గుర్తుపట్టడం ఉంది, సైటేషన్ల లెక్కలున్నాయి. అంతకుముందు 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష ఉండదు. ఇక మా పిల్లల టెన్షనంతా ఆ 10 శాతం మీదే. థీసిస్ పెట్టే ముందు వారం రోజులు కూర్చుని వాక్యాలు తిరగరాస్తారు, 14 నుంచి 9కి వచ్చిందని స్వీట్లు పంచిన పిల్లవాణ్ణి నేను చూశాను. మాటలు ఎవరివో చూసే సాఫ్ట్‌వేర్ ప్రతి లైబ్రరీలో ఉంది. ఆ థీసిస్‌లో మూడో చాప్టర్లోని పట్టిక, అదే డేటాతో మళ్ళీ లెక్కేస్తే మళ్ళీ వస్తుందా అని అడిగే మనిషి ఆ బిల్డింగ్ మొత్తంలో లేడు.

ఇది మన దేశం గొడవ మాత్రమే అనుకోవద్దు. 2015లో సైకాలజీ వాళ్ళు 100 అధ్యయనాలు తీసుకుని మళ్ళీ చేసి చూశారు. అసలు పేపర్లలో 97 శాతం గణాంకపరంగా నిలబడే ఫలితాలు చెప్పాయి, మళ్ళీ చేస్తే 36 శాతమే నిలబడ్డాయి. అంతకు మూడేళ్ళ ముందు, క్యాన్సర్ మందుల పరిశోధనలో పేరుమోసిన 53 పేపర్లను ఆమ్జెన్ అనే కంపెనీ శాస్త్రవేత్తలు మళ్ళీ చేయబోతే ఆరు మాత్రమే వచ్చాయని రాశారు. ఈ అంకెలు చెప్పి క్లాసులో భయపెట్టడం తేలిక. నేనూ మొదటి రెండేళ్ళు అలాగే చేశాను, పిల్లలు అయ్యో అన్నారు, నోట్స్ రాసుకున్నారు, వెళ్ళి తమ ఎక్సెల్ ఫైల్లో ఎప్పట్లాగే వరసలు తీసేసుకున్నారు.

నా పద్ధతి మార్చింది థామస్ హెర్న్‌డన్ కథ. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ, ఆమ్‌హర్స్ట్‌లో ఎకనామిక్స్ పీహెచ్‌డీ విద్యార్థి. ఆయన ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక విషయాలకు గణాంకాలు వాడే శాఖ) క్లాసులో అసైన్‌మెంట్ ఏమిటంటే, అచ్చయిన పేపర్ ఒకటి తీసుకుని అందులోని ఫలితాన్ని మళ్ళీ తెచ్చి చూపించాలి. ఆయన ఎంచుకున్నది 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ రాసిన పేపర్, ప్రభుత్వాల అప్పు గురించి. అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని అందులో ఉంది, యూరప్‌లో అమెరికాలో ఖర్చులు కోసేయాలని వాదించిన నాయకులు దాన్ని పదేపదే చెప్పుకున్నారు. హెర్న్‌డన్‌కు ఎంత చేసినా ఆ అంకె రాలేదు. నాలాగే ఆయన కూడా మొదట తన చేతిలోనే తప్పుందేమో అనుకుని ఉంటాడని నా ఊహ. చివరికి రచయితల్నే అడిగితే వాళ్ళు తమ ఎక్సెల్ షీటు పంపారు, అది వాళ్ళ గొప్పతనం, పంపకుండా ఉంటే ఈ కథే లేదు. తెరిచి చూస్తే సగటు తీసే ఫార్ములా కింది ఐదు వరసలను తాకనేలేదు, ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. అది ఒక్కటే కాదు, కొన్ని దేశాల కొన్ని ఏళ్ళ అంకెలు వదిలేశారు, పైగా దేశానికొక సగటు తీసి వాటికి మళ్ళీ సగటు తీయడంతో న్యూజీలాండ్ ఒక్క ఏడాది బ్రిటన్ 19 ఏళ్ళతో సమానంగా తూగింది. అన్నీ సరిచేస్తే వచ్చింది ప్లస్ 2.2 శాతం. 2013లో తన ఇద్దరు ప్రొఫెసర్లతో కలిసి హెర్న్‌డన్ దాన్ని బయటపెట్టాడు.

ఈ కథను అందరూ ఎక్సెల్ తప్పు కథగా చెప్తారు. నాకు కనిపించేది ఆ అసైన్‌మెంట్. ఎవరో ఒక టీచరు ఆ పని క్లాసులో పెట్టారు కాబట్టి, ప్రపంచంలో అంతమంది ఆర్థికవేత్తలు వాడుకుంటున్న అంకెను ఒక విద్యార్థి విప్పి చూశాడు. మన దగ్గర ఎన్ని యూనివర్సిటీల్లో ఎన్ని డిపార్ట్‌మెంట్లలో ఇలాంటి అసైన్‌మెంట్ ఉంది? అచ్చయినదాన్ని చదివి సారాంశం రాయమంటాం, సెమినార్ ఇమ్మంటాం. మళ్ళీ చేసి తెమ్మని అడగం.

ఎక్సెల్ మాట వచ్చింది కాబట్టి బయాలజీ పిల్లలకు నేను తప్పకుండా చెప్పేది ఇంకోటి ఉంది. మార్చ్1, సెప్ట్2 అని జన్యువుల పేర్లుండేవి. ఎక్సెల్‌లో టైప్ చేయగానే అవి మార్చి 1, సెప్టెంబర్ 2 తారీఖులుగా మారిపోయేవి. 2016లో లెక్కేస్తే, జన్యువుల జాబితాలను ఎక్సెల్లో జతచేసిన పేపర్లలో దాదాపు ఐదింట ఒకదానిలో ఇలాంటి తప్పులున్నాయి. చివరికి 2020 నాటికి జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను చిట్టాను దిద్దేస్తుంటే మనకు తెలియకపోవడం, బ్లేడుతో గీకడం కంటే ప్రమాదం.

సరిగ్గా రాసిపెడితే ఏమవుతుందో కూడా చూపించాలి, లేకపోతే క్లాసంతా తప్పుల జాబితా అయిపోతుంది. దానికి నా దగ్గరున్న ఉదాహరణ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. నీలం ఎంత చిక్కగా వస్తే అంత ఫాస్ఫరస్. వందేళ్ళయింది, బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీలో ఇవాళ్టికీ అది ప్రాక్టికల్‌గా చేయిస్తారు, నేనూ చేశాను, ట్యూబులో నీలం వచ్చినప్పుడు పక్కనున్న తమిళ అమ్మాయికి "ఈయన మా తెలుగాయన" అని చెప్పాను. ఆ పద్ధతితోనే ఆయన కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనిపెట్టారు. కానీ నేను పిల్లలకు చెప్పేది ఆ కనిపెట్టడం గురించి కాదు. ఏ ఆమ్లం ఎంత గాఢత, ఏది ముందు కలపాలి ఏది తర్వాత, ఎంతసేపు ఆగాలి, ఏ పదార్థాలుంటే రంగు దెబ్బతింటుంది, ఇవన్నీ ఆయన్ను ఎన్నడూ చూడని మనిషి ఎక్కడో వేరే దేశంలో చదివి చేసుకోగలిగేలా ఉన్నాయి. పద్ధతి బతకడానికి కారణం అది.

ఇక మా కోర్సు సంగతి. నా పట్టు వల్ల గత మూడేళ్ళుగా అన్ని డిపార్ట్‌మెంట్ల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెడుతున్నాం. మొన్నటి బ్యాచ్‌లో పద్నాలుగు మంది: బయాలజీ, ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్, సోషియాలజీ, చరిత్ర, ఒక సివిల్ ఇంజనీరు. సగం మంది మన తెలుగువాళ్ళే, బెంగళూరులో ఇది వింత కాదు. ఎవరి డిపార్ట్‌మెంట్లో వాళ్ళకు చెప్పుకోవచ్చు కదా అని మా కమిటీలో గట్టిగా అడిగారు. టూల్స్ వరకు అయితే అలాగే చెప్పుకోవాలి, కాన్ఫోకల్ మైక్రోస్కోపు గురించి చరిత్ర విద్యార్థికి అక్కర్లేదు. కానీ ఒక డిపార్ట్‌మెంట్లో అందరూ ఒకే మూలగదిలో కూర్చుని ఉంటారు. ఆ గదిలో ఏసీ ఉందని చెప్పగలిగేది బయటినుంచి వచ్చినవాళ్ళే.

మేం చేయించే పనికి మార్పిడి రోజు అని పేరు పెట్టాం. తాను చేసిన పనిలో ఒక పట్టిక, లేదా ఒక బొమ్మ, లేదా ఒక పేరా, దానికి కావలసిన డేటా, నోట్స్ అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి వేరే శాఖ విద్యార్థికి ఇవ్వాలి. వాళ్ళు మూడు గంటల్లో దాన్ని మళ్ళీ తేవడానికి ప్రయత్నిస్తారు. ఇచ్చినవాళ్ళు వెనక కూర్చోవాలి, నోరు మెదపకూడదు, అవతలివాళ్ళు అడిగే ప్రతి ప్రశ్నను కాగితం మీద రాసుకోవాలి, అంతే. ఆ కాగితమే ఆ రోజు పాఠం. అడిగిన ప్రతి ప్రశ్నా చిట్టాలో రాయకుండా వదిలేసిన ఒక పద్దు.

ఎకనామిక్స్ అబ్బాయి ఒకడు, అనంతపురం జిల్లాలో వేరుశనగ రైతుల ఇళ్ళు తిరిగి సర్వే చేసుకొచ్చాడు. పట్టికలో 371 ఇళ్ళని ఉంది. ఫోల్డర్ అందుకున్న బయాలజీ అమ్మాయి లెక్కేస్తే స్కాన్ చేసిన ఫారాలు 412 ఉన్నాయి, డేటా ఫైల్లో మాత్రం 371. "మిగతా 41 ఏమయ్యాయి?" అని అడిగింది. వాడు కాగితం మీద రాసుకున్నాడు. మూడు గంటలయ్యాక మాట్లాడొచ్చు అన్నప్పుడు వాడు చెప్పాడు: ఇరవయ్యారు రెండుసార్లు ఎక్కిన ఇళ్ళు, అవి తీసేశాను. మిగతా పదిహేను? వాడు చాలాసేపు స్క్రీన్ వైపు చూశాడు. "గుర్తులేదక్కా. ఏదో సరిగా లేదని తీసేశాను." తీసేసింది కూడా అసలు ఫైల్లోంచే, చిట్టాలోంచి పేజీలు చింపినట్టు. ఆ రాత్రి వాడు హాస్టల్‌కి వెళ్ళి ఫారాలు ఒక్కొక్కటీ తీసి చూసుకున్నాడు. పదిహేనులో తొమ్మిది తీసేయాల్సిన అవసరం లేదు, అప్పు వివరం ఖాళీగా ఉందని తీసేశాడు, కానీ ఆ ఇళ్ళకు అప్పే లేదు, అందుకే ఖాళీ. అప్పు లేని ఇళ్ళను తీసేసి అప్పుల మీద సగటు తీస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే నాకు మెసేజ్ పెట్టాడు, పట్టిక మారింది, గైడ్‌తో తానే చెప్తానని. చెప్పాడు కూడా. ఆ పిల్లవాడి మీద నాకు ఎంత గౌరవం కలిగిందో ఇక్కడ రాయకుండా ఉండలేను.

ఇంకో మూల కంప్యూటర్ సైన్స్ వాళ్ళు. మోడల్ ఖచ్చితత్వం 91 శాతం అని ఒకతను రాశాడు. చరిత్ర చదివే అమ్మాయి రన్ బటన్ నొక్కితే 88 వచ్చింది, మళ్ళీ నొక్కితే 86. మోడల్ మొదలయ్యేటప్పుడు తీసుకునే యాదృచ్ఛిక సంఖ్యలను బట్టి ఫలితం మారుతుంది, అది వాళ్ళ శాఖలో అందరికీ తెలిసిందే, పదిసార్లు నడిపి బాగా వచ్చినది రాసుకోవడం అలవాటైపోయింది. ఆ అమ్మాయికి ఇవేవీ తెలియవు. "పదిసార్లు చేసి ఒక్కటే ఎందుకు చెప్పావు? మిగతా తొమ్మిదీ జరగలేదా?" అని మామూలుగా అడిగింది. అలాంటి ప్రశ్న వాళ్ళ సొంత డిపార్ట్‌మెంట్లో ఎవరూ అడగరు.

చరిత్రలో, సోషియాలజీలో మళ్ళీ చేయడమంటూ ఏముంటుంది అన్నది నాకు ఎక్కువగా ఎదురయ్యే వాదన, దానికి బలం ఉంది. ఒక ముసలావిడతో గుమ్మంలో కూర్చుని రెండు గంటలు మాట్లాడిన మాటలు ఇంకొకరు వెళ్తే అలాగే రావు, రావాలని అడగడం కూడా అన్యాయం. అక్కడ నేను అడిగేది వేరు: నువ్వు విన్నదానికీ నువ్వు చెప్తున్నదానికీ మధ్య దారి నాకు చూపించు. ఏ మాట ఆవిడది, ఏది నీ అర్థం, ఏవి వదిలేశావు. నిజానికి ఈ విషయంలో చరిత్రవాళ్ళే మాకు గురువులు. ఆర్కైవ్స్‌లో ఏ కట్ట, ఏ ఫైలు, ఎన్నో పేజీ అన్నది రాయకుండా వాళ్ళు వాక్యం ముగించరు. పాత తాళపత్ర ప్రతులను పోల్చి పరిష్కరించిన మన పండితులు ఏ ప్రతిలో ఏ పాఠం, అంటే ఏ మాట, ఉందో అడుగున ఇచ్చారు, తాము ఒప్పుకోని పాఠం కూడా. బయాలజీలో "డేటా చూపించలేదు" అని రాసి దాటేయడం చూసి మా చరిత్ర పిల్లలు నిజంగా ఆశ్చర్యపోతారు.

డేటా ఒకటే అయినా చేతులు మారితే ఫలితం మారుతుంది, అది కూడా నేర్పాలి. 2018లో అచ్చయిన ఒక పనిలో 29 బృందాలకు ఒకే ఫుట్‌బాల్ డేటా ఇచ్చి, నల్లరంగు ఆటగాళ్ళకు రెఫరీలు ఎర్రకార్డు ఎక్కువగా చూపిస్తున్నారా అని అడిగారు. 20 బృందాలు అవునన్నాయి, 9 బృందాలకు అలా తేలలేదు. అందరూ నిపుణులే. మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్‌కి ఈ సంగతి చాలా ముందే తెలుసు. బెంగాల్లో జనపనార పంట సర్వేల కాలంలోనే, ఒకే ప్రాంతంలోంచి రెండు వేర్వేరు శాంపిళ్ళు తీసి, వేర్వేరు మనుషుల్తో విడిగా కొలిపించి, రెంటినీ పోల్చే పద్ధతి తెచ్చారు. తేడా ఎంతో చూస్తే మన కొలతను ఎంత నమ్మొచ్చో తెలుస్తుంది. ఇది ఇక్కడ పుట్టిన పద్ధతి, రీప్రొడ్యూసిబిలిటీ (ఇంకొకరు మళ్ళీ చేసినా అదే రావడం) అనేదేదో బయటి ఫ్యాషన్ అనేవాళ్ళకు నేను దీన్ని గుర్తుచేస్తాను.

టైమ్ లేదంటారు. నా ఎనిమిది నెలలు నాకు ఎవరిస్తారు అని అడుగుతాను. డబ్బు లేదంటారు, నోట్‌బుక్‌కీ థర్మామీటర్‌కీ ఎంతవుతుంది? వీటికంటే అసలు అడ్డంకి ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ బయటికి మాట్లాడరు. సీనియర్ ఫలితం రాలేదని చెప్పడం మన దగ్గర సీనియర్‌ను అవమానించినట్టు. గైడ్ పేపర్లో అంకె తేడా ఉందంటే గురుద్రోహం. మంచి గైడ్లు కూడా ఆ క్షణంలో ముఖం ముడుచుకుంటారు, నేను చూశాను. అందుకే మా కోర్సులో మార్పిడికి ముందుగా నా పేపరే ఇస్తాను, నా పీహెచ్‌డీలోది. మొదటి ఏడాది ఒక అమ్మాయి అందులో ఒక గ్రాఫ్ కింద ఎన్నిసార్లు చేశానో రాయలేదని పట్టుకుంది. నోట్‌బుక్ తీసి వెతికాను, మూడు సార్లు. దాన్ని బోర్డు మీద రాశాను, పక్కన ఆ అమ్మాయి పేరు రాశాను. ఆ తర్వాత వారం నుంచి పిల్లలు నోరు విప్పారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మళ్ళీ వచ్చినంత మాత్రాన నిజమైపోదు. 1903లో ఫ్రాన్స్‌లో బ్లాండ్లో అనే పెద్ద భౌతిక శాస్త్రవేత్త ఎన్-కిరణాలని కొత్త రకం కిరణాలు కనిపెట్టానన్నాడు, తర్వాత ఎంతోమంది తమకూ కనిపించాయన్నారు. మరుసటి ఏడాది అమెరికా నుంచి రాబర్ట్ వుడ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ ల్యాబ్‌కి వెళ్ళి, చీకట్లో ఎవరికీ తెలియకుండా పరికరంలోంచి ఆ కిరణాలను విడదీసే పట్టకం (ప్రిజం) తీసేశాడు. అయినా వాళ్ళకు కిరణాలు ఎప్పట్లాగే కనిపిస్తూనే ఉన్నాయి. అదే వుడ్ 1928లో మన రామన్ ఫలితాన్ని తన ల్యాబ్‌లో మళ్ళీ చేసి, నిజమేనని ప్రకటించాడు. బెంగళూరులో రామన్ పేరు ఎత్తని సైన్సు క్లాసు ఉండదు, కానీ ఆ ఫలితం నెలల్లోనే ఇంకో ఖండంలో ఇంకొకరి చేతుల్లో మళ్ళీ వచ్చిందని, అలా చేసిన మనిషి పాతికేళ్ళ కింద పట్టకం తీసినవాడేనని మాత్రం చెప్పరు. ఏది వస్తుందో ముందే తెలిసిన మనిషి చేత కొలిపించకూడదన్నది ఆ పట్టకంతో వచ్చిన పాఠం. మా బయాలజీ పిల్లలు ఇప్పుడు స్లైడ్ల మీద పేర్లు తీసేసి నంబర్లు వేసి, సివిల్ ఇంజనీర్ చేత లెక్కపెట్టిస్తున్నారు.

గత ఫిబ్రవరిలో చరిత్ర అమ్మాయి తన వంతుకి ఫోల్డర్ ఇవ్వనంది. "నా డేటా రాయి మేడమ్, అందరూ అక్కడికే రావాలి" అంది. ఆదివారం పొద్దున ఆ పద్నాలుగు మందీ, నేనూ బెంగళూరులోనే ఉన్న బేగూరు వెళ్ళాం. నాగేశ్వర గుడి దగ్గర ఉన్న సుమారు క్రీ.శ. 900 నాటి పాతకన్నడ శాసనం, బెంగళూరు అన్న పేరు అందులోనే ఉంది. శాసనాలు సేకరించిన లూయిస్ రైస్ వంటివాళ్ళు వందేళ్ళ కిందటే ఏ ఊళ్ళో ఏ గుడి దగ్గర ఏ శాసనం ఉందో రాసి పెట్టారు కాబట్టి ఇవాళ కూడా వెళ్ళి సరిచూసుకోగలుగుతున్నాం, మిథిక్ సొసైటీ వాళ్ళు ఇప్పుడు నగరంలోని శాసనాలను త్రీడీలో స్కాన్ చేస్తున్నారు. ఆ అమ్మాయి అచ్చయిన పాఠం మాకు చూపించలేదు. లిపి చదవడం వచ్చిన ఇద్దరు స్నేహితుల్ని తీసుకొచ్చి, చెరో వైపు కూర్చోబెట్టి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఒకే పంక్తి చదివి రాయమంది. ఒక అక్షరం దగ్గర తేడా వచ్చింది. పదకొండు గంటల ఎండ నిటారుగా రాయి మీద పడుతోంది, గాడి నీడ కనబడటం లేదు. అందరం దగ్గర్లోని ఆంధ్రా మెస్‌లో భోంచేసి సాయంత్రం దాకా ఆగాం. ఐదున్నరకి ఎండ వాలింది, చాలని చోట ఎకనామిక్స్ అబ్బాయి ఫోన్ టార్చి రాయికి ఆనించి పక్కనుంచి పట్టుకున్నాడు. ఇద్దరూ మళ్ళీ చదివారు. ఈసారి ఒకతను తన కాగితం మీద పొద్దున రాసిన అక్షరానికి అడ్డంగా గీత కొట్టాడు, పక్కన కొత్తది రాశాడు, కింద 5:40, వెలుగు ఎడమవైపు నుంచి అని రాసి తారీఖు వేశాడు.